రాత్రి పది దాటాక నగరం ఎవరి బాధ్యత?

హైదరాబాద్ మహానగరంలో శబ్ద నియంత్రణ బాధ్యత వహిస్తున్న పోలీసు, రవాణా, నగరపాలక, కాలుష్య నియంత్రణ అధికారులకు,

గౌరవనీయులారా,

శబ్దం భరించలేక ఫిర్యాదు చేసిన నగరవాసికి అధికార యంత్రాంగం నుంచి తరచుగా దొరికే సమాధానం ‘కాస్త సర్దుకుపోండి’ అన్నదే. పండుగ నాలుగు రోజులే కదా, పెళ్ళి ఒక్క రాత్రే కదా, స్లాబు వేయడం ఈ ఒక్కసారికే కదా అన్న మాటలు ఆ సమాధానానికి తోడవుతుంటాయి. విడివిడిగా చూస్తే ప్రతి మాటలోనూ కొంత న్యాయం ఉన్నట్టే తోస్తుంది గాని, కోటి మందికి దగ్గరగా జనం కిక్కిరిసి బతికే ఊరిలో ఒకరి నాలుగు రోజుల పండుగ ముగిసేలోపే మరొకరి ఒక్క రాత్రి పెళ్ళి మొదలవుతుంది, ఆ బారాత్ వీధి మలుపు దాటేలోపే పక్క స్థలంలో కాంక్రీటు లారీ వచ్చి నిలబడుతుంది. అందువల్ల సర్దుకుపోవలసిన రాత్రులకు లెక్కంటూ ఉండదు. ఈ లేఖ వ్యతిరేకిస్తున్నది ఆ సమాధానాన్ని, దాని వెనుక ఉన్న దృక్పథాన్ని. శబ్దం అనేది ఇరుగుపొరుగుల తగాదా అనీ, ఎవరైనా ఫోను చేసినప్పుడు మాత్రమే చూడదగిన చిన్న విషయమనీ భావించే ఆ దృక్పథానికి చట్టంలో చోటు లేదు. నిశ్శబ్దాన్ని కాపాడే పనిని చట్టం ఇరుగింటి మీదో పొరుగింటి మీదో పెట్టలేదు, మీ మీద పెట్టింది.

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరి 14న ప్రకటించిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు నగర భూభాగాన్ని నాలుగు రకాల ప్రాంతాలుగా విభజించి ఒక్కొక్కదానికి పగటి పరిమితిని, రాత్రి పరిమితిని నిర్దేశించాయి. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70 డెసిబెళ్ళు. వాణిజ్య ప్రాంతంలో 65, 55. నివాస ప్రాంతంలో 55, 45. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ ప్రకటించే నిశ్శబ్ద మండలంలో 50, 40. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు గంటల వరకు అని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి. డెసిబెల్ అనేది శబ్ద తీవ్రతకు కొలమానమే గాని, కిలోలూ మీటర్లూ పెరిగినట్టుగా అది పెరగదు. కొలతలో పది డెసిబెళ్ళు పెరిగితే గాలిలో ప్రయాణించే ధ్వని శక్తి పది రెట్లవుతుంది, మనిషి చెవికి ఆ మోత దాదాపు రెట్టింపైనట్టు వినిపిస్తుంది. దీన్ని బట్టి రాత్రివేళ 45 డెసిబెళ్ళకు మించరాదన్న నివాస వీధిలో 75 డెసిబెళ్ళ మోత ఉన్నదంటే అక్కడి ధ్వని శక్తి అనుమతించిన దానికి వెయ్యి రెట్లు అన్నమాట. ముప్పై అన్న అంకె కాగితం మీద స్వల్పంగా కనిపించడం వల్లనే కాబోలు, ఉల్లంఘన కూడా స్వల్పమేనన్న అభిప్రాయం పాలనలో పాతుకుపోయింది.

ఈ పరిమితులను ఎవరు అమలు చేయాలన్న విషయంలో నిబంధనలు ఎటువంటి సందిగ్ధతనూ మిగల్చలేదు. జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు, లేదా ఈ పనికై నియమితుడైన, డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ‘అధికారస్థుడు’ అవుతాడనీ, శబ్ద నియంత్రణ చర్యల అమలుకు, పరిమితుల పాలనకు ఆయనే బాధ్యుడనీ అవి స్పష్టంగా చెప్పాయి. పౌరుడు ఫిర్యాదు చేసే హక్కు వేరే నిబంధనలో ఉన్నది. పరిమితి కంటే పది డెసిబెళ్ళు లేదా అంతకు మించి శబ్దం వచ్చినప్పుడు గాని, రాత్రి ఆంక్షలను ఉల్లంఘించినప్పుడు గాని ఎవరైనా అధికారస్థుడికి ఫిర్యాదు చేయవచ్చు. అయితే శబ్దాన్ని ఆపించే ఉత్తర్వు జారీ చేయడానికి ఫిర్యాదు తప్పనిసరి కాదు. పోలీసు స్టేషను అధికారి నివేదిక చాలు, మరే విధంగానైనా అందిన సమాచారం చాలు. అంటే చట్టం ఫిర్యాదును అదనపు ద్వారంగా ఉంచితే, ఆచరణలో మీరు ప్రధాన ద్వారాన్ని మూసి, పౌరులందరినీ ఆ ఇరుకు ద్వారం గుండానే రమ్మంటున్నారు. ఎర్ర దీపం దాటిన వాహనాన్ని ఆపడానికి ఫిర్యాదు కోసం ఎదురుచూడని యంత్రాంగం అర్ధరాత్రి డీజే బండిని ఆపడానికి మాత్రం ఎందుకు ఎదురుచూడాలి?

ఫిర్యాదు చేయడం అంటే ఏమిటో బస్తీల్లో, కాలనీల్లో, అపార్టుమెంట్లలో నివసించే వారికి బాగా తెలుసు. మండపం పెట్టినవారు ఆ వీధి కుర్రవాళ్ళే, ఊరేగింపు ఎదుటి ఇంటి పెళ్ళికొడుకుదే, తవ్వకం జరుగుతున్నది పక్క స్థలం యజమానిదే. మరునాడు ఉదయం వారి ముఖాలే చూడాలి, వారి సాయమే అడగాలి. పైగా మతానికి సంబంధించిన వేడుక అయితే ఫిర్యాదుదారుడి పేరును బట్టి, అతని విశ్వాసాన్ని బట్టి ఆ ఫిర్యాదుకు వేరే అర్థాలు అంటగట్టే ప్రమాదం ఉన్నది; అదే విశ్వాసానికి చెందినవాడైతే సొంతవారికే ద్రోహం చేశాడన్న నింద తప్పదు. అద్దెకు ఉండేవారికి ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుందేమోనన్న భయం, ఒంటరిగా ఉండే వృద్ధులకు, ఆడవారికి పగ పెంచుకుంటారేమోనన్న భయం. డయల్ 100కు ఫోను చేసినప్పుడు పేరు, చిరునామా చెప్పవలసి వస్తుందన్న ఆలోచనతోనే ఎందరో ఫోను కింద పెట్టేస్తారు. శబ్దం ఎక్కువగా ఉన్న చోట్ల నుంచి ఫిర్యాదులు తక్కువగా వస్తున్నాయంటే అక్కడి జనానికి ఇబ్బంది లేదని అర్థం కాదు. అక్కడ నోరు విప్పడం ఖరీదైన పని అని అర్థం. రాజ్యం చేయవలసిన అప్రియమైన పనిని పౌరుడి చేత చేయించడం, ఆపై అతడిని ఆ వీధిలోనే వదిలి వెళ్ళడం, ఏ న్యాయసూత్రం కిందికి వస్తుంది?

నగర జీవితంలో అతి సామాన్యమైపోయిన మోతను తీసుకుంటే, అది హారన్‌ది. కూడలిలో పచ్చ దీపం వెలగకముందే వెనుక వరుసల నుంచి మోత మొదలవుతుంది. ముందున్న వాహనం కదలడానికి చోటు లేదని తెలిసినా ఆగదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 119వ నిబంధన వేర్వేరు స్వరాలు వరుసగా పలికే హారన్లను, కర్ణకఠోరంగా, బెదరగొట్టేలా మోగే సాధనాలను నిషేధించింది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 194ఎఫ్ సెక్షను అనవసరంగా గాని, ఎడతెరిపి లేకుండా గాని హారన్ మోగించినందుకు, పొగను సైలెన్సర్ గుండా కాక మరో దారిన వదిలే ఏర్పాటుతో బండి నడిపినందుకు తొలిసారి 1000 రూపాయలు, తరువాత 2000 రూపాయలు జరిమానా నిర్దేశించింది. శబ్ద నిబంధనలకు 2010లో చేసిన సవరణ రాత్రివేళ నివాస ప్రాంతాల్లో, అన్ని వేళలా నిశ్శబ్ద మండలాల్లో, అత్యవసర పరిస్థితిలో తప్ప హారన్ వాడకూడదన్నది. ఇన్ని నిబంధనలు ఉండగా, హెల్మెటు లేకపోవడానికి, తప్పు పార్కింగుకు పడే చలాన్లతో పోలిస్తే హారన్ మోగించినందుకు చలాను అందుకున్నవాడు పరిచయస్తుల్లో ఎంతమందికి తారసపడి ఉంటాడు? మోత ఫొటోలో కనిపించదు, కెమెరాకు చిక్కదు అన్నది మీ ఇబ్బంది కావచ్చు. ముంబయి ట్రాఫిక్ పోలీసులు 2020 జనవరిలో ఒక ప్రయోగాన్ని ప్రజల ముందుంచారు: కూడలి దగ్గర శబ్దమాపకం అమర్చి, మోత 85 డెసిబెళ్ళు దాటితే ఎర్ర దీపం గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్కించేలా ఏర్పాటు చేశారు. అది అన్ని కూడళ్ళకూ పనికివచ్చే పద్ధతి కాకపోవచ్చు గాని, మోతను కొలవవచ్చుననీ, కొలిచిన అంకె ఆధారంగా అక్కడికక్కడే చర్య తీసుకోవచ్చుననీ అది నిరూపించింది.

సైలెన్సర్ మార్చిన మోటారు సైకిళ్ళ విషయం మరింత బాధాకరమైనది. పలు నగరాల్లో పోలీసులు అటువంటి సైలెన్సర్లను పట్టుకుని రోడ్డు రోలర్ల కింద తొక్కించిన దృశ్యాలు పత్రికల్లో వచ్చాయి. ఆ దృశ్యాలు కొన్నాళ్ళు భయాన్ని కలిగిస్తాయి. కానీ ఆ సైలెన్సర్ బండికి తనంతట తాను అతుక్కున్నది కాదు. ఒకరు తయారు చేశారు, ఒకరు విడిభాగాల దుకాణంలో బహిరంగంగా అమ్మారు, ఒక మెకానిక్ బిగించాడు. కుర్రవాడి బండిని ఆపే అధికారానికి ఆ దుకాణం తలుపు తట్టే శక్తి ఎందుకు లేకపోవాలి? రహదారి మీద వాడరాని వస్తువును బజారులో అమ్మనిచ్చి, కొన్నవాడిని మాత్రమే వెంబడిస్తే ఆ వేట ఎప్పటికీ ముగియదు. ఇక్కడ రవాణా శాఖ, పోలీసు శాఖ కలిసి చేయవలసిన పని ఉన్నది. అది ప్రచార చిత్రాలకు లొంగని పని కాబట్టే వెనకబడిపోయిందేమోనన్న అనుమానం కలుగుతున్నది.

హైదరాబాద్‌కు ప్రత్యేకమైన మరొక మోత గురించి వివరంగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే దానికి మూలం ఈ నేలలోనే ఉన్నది. నగరం సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు శిల మీద నిలబడి ఉన్నది. అపార్టుమెంటుకైనా, వాణిజ్య భవనానికైనా వాహనాలు నిలిపే సెల్లార్ తవ్వాలంటే చాలా చోట్ల కొద్ది అడుగుల లోతులోనే బండ తగులుతుంది. మట్టి నేలల నగరాల్లో కొద్ది వారాల్లో ముగిసే తవ్వకం ఇక్కడ నెలల తరబడి సాగడానికి అదే కారణం. ప్రొక్లెయినర్‌కు బిగించిన బ్రేకర్, అంటే బండను పొడిచి పగలగొట్టే ఉక్కు సుత్తి, ఉదయం నుంచి చీకటి పడేదాకా ఒకే లయలో కొడుతూ ఉంటుంది. ఆ దెబ్బ గాలిలో మోతగానే కాక నేల గుండా ప్రకంపనగా కూడా చుట్టుపక్కల ఇళ్ళ గోడల్లోకి చేరుతుంది. ఒక స్థలంలో రెండో సెల్లార్‌కో మూడో సెల్లార్‌కో అనుమతి ఇస్తున్నప్పుడు, ఆ ఒక్క సంతకంతో చుట్టూ ఉన్న వందలాది కుటుంబాల కొన్ని నెలల ప్రశాంతత కూడా ఖర్చవుతున్నదన్న విషయాన్ని నగరపాలక అధికారులు లెక్కలోకి తీసుకుంటున్నారా? అభివృద్ధి పనులకు ప్రణాళిక రచించేటప్పుడు స్థానిక సంస్థలు శబ్ద కాలుష్యాన్ని జీవన ప్రమాణాల్లో భాగంగా పరిగణించాలని 2000 నాటి నిబంధనలే ఆదేశిస్తున్నాయి. అది సలహా కాదు, విధి.

తవ్వకం ముగిసి పైకప్పుల దశ వచ్చాక బాధ రాత్రికి మారుతుంది. మోత పుట్టించే నిర్మాణ యంత్రాలను నివాస ప్రాంతాల్లోనూ నిశ్శబ్ద మండలాల్లోనూ రాత్రిపూట నడపకూడదని 2010 సవరణ నిర్ద్వంద్వంగా చెప్పింది. అయినా రెడీమిక్స్ కాంక్రీటు లారీలు, కాంక్రీటును పై అంతస్తులకు నెట్టే పంపులు, దాన్ని కుదించే వైబ్రేటర్లు నడిరేయి దాటాక కూడా పనిచేస్తుంటాయి. దీనికి నిర్మాణదారుల దురాశ ఒక్కటే కారణమని చెప్పడం పూర్తి సత్యం కాదు. రద్దీని తగ్గించడానికి పగటివేళ భారీ వాహనాల రాకపోకల మీద నగరంలో ఆంక్షలు ఉన్నాయి. కాంక్రీటు కలిపిన తరువాత కొద్ది గంటల్లోనే పోయవలసిన పదార్థం. మొదలుపెట్టిన స్లాబును మధ్యలో ఆపితే అతుకు దగ్గర బలహీనత మిగులుతుంది. అందుచేత లారీ రాత్రి వస్తుంది, పని రాత్రంతా సాగుతుంది. అంటే ఒక శాఖ పగటి రహదారిని కాపాడుకోవడానికి చేసిన ఏర్పాటు మరో శాఖ కాపాడవలసిన రాత్రి నిద్రను బలి తీసుకుంటున్నది. ఈ వైరుధ్యం మీ రెండు కార్యాలయాల మధ్య ఉన్నది, దాన్ని పరిష్కరించగలవారు కూడా మీరే. మధ్యాహ్నం రద్దీ తగ్గిన గంటల్లో స్లాబు లారీలకు ముందస్తు అనుమతితో దారి ఇవ్వడం, ఒక్కో స్థలానికి ఏ రోజు స్లాబు పడుతుందో చుట్టుపక్కలవారికి ముందుగా తెలియజేయాలని షరతు పెట్టడం అసాధ్యమైన పనులేమీ కావు. రెండు శాఖలూ ఒక బల్ల చుట్టూ కూర్చోకపోవడానికి నగరవాసి నిద్రతో మూల్యం చెల్లించవలసిన అగత్యం ఏమున్నది?

ఇక మైకులు, డీజేలు. సర్వోన్నత న్యాయస్థానం 2005 జూలై 18న శబ్ద కాలుష్యంపై ఇచ్చిన తీర్పులో ప్రశాంతంగా జీవించడం రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో అంతర్భాగమని నిర్ధారించింది. భావప్రకటన స్వేచ్ఛ పేరిట తన గొంతును యంత్రంతో హెచ్చించి వినడానికి ఇష్టపడని వారి చెవుల్లోకి తోసే హక్కు ఎవరికీ లేదని తేల్చింది. అంతకు అయిదేళ్ళ ముందు, 2000లో, మద్రాసులోని ఒక ప్రార్థనా మందిరానికి సంబంధించిన వ్యాజ్యంలో ఇతరుల శాంతిని భంగపరుస్తూ ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పలేదని అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. 2005 తీర్పు ప్రకారం బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ వాడినప్పుడు ఆ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం, ఆ ప్రాంతపు పరిమితికి పది కలిపిన అంకె, లేదా 75 డెసిబెళ్ళు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. ఈ ‘ఏది తక్కువైతే అది’ అన్న మాట చాలా ముఖ్యమైనది. 75 వరకు అనుమతి ఉన్నదన్న అభిప్రాయం జనంలో ప్రబలి ఉన్నది గాని, నివాస ప్రాంతపు పగటి పరిమితి 55 కనుక అక్కడ గరిష్ఠం 65 మాత్రమే. రాత్రి పది దాటిన తరువాత బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్‌కు అసలు అనుమతే లేదు. రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ప్రకటించిన, ఏడాదికి పదిహేను రోజులకు మించని పర్వదినాల్లో మాత్రం అర్ధరాత్రి పన్నెండు వరకు సడలింపు ఉన్నది. ఆ పదిహేను రోజులు ఏవో ఏటా ముందుగానే పత్రికల్లో ప్రకటిస్తే, మిగిలిన మూడు వందల యాభై రోజుల గురించి వాదన ఉండదు కదా?

డీజే పరికరాల విషయంలో మరొక సాంకేతిక అంశాన్ని గమనించాలి. శబ్దాన్ని కొలిచేటప్పుడు మనిషి చెవి స్వభావానికి దగ్గరగా ఉండేందుకు ‘ఎ’ శ్రేణి అనే సవరణను వాడతారు. ఈ సవరణ మంద్రస్థాయి శబ్దాలను, అంటే సెకనుకు తక్కువసార్లు కంపించే బరువైన ధ్వనులను, బాగా తగ్గించి లెక్కిస్తుంది. డీజే బండి నుంచి వెలువడే మోతలో అధిక భాగం ఆ మంద్ర ధ్వనే. కిటికీ తలుపులు మూస్తే పైస్థాయి ధ్వనులు చాలావరకు ఆగిపోతాయి గాని, ఈ మంద్ర ధ్వని గోడలను దాటి వచ్చి తలుపు రెక్కలను అదరగొడుతుంది, ఛాతీలో దెబ్బలా తగులుతుంది. అందువల్ల మాపకం చూపే అంకె ఇంట్లో ఉన్న గుండె రోగి అనుభవిస్తున్న బాధను తక్కువ చేసి చూపుతుంది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే పరికరాలను నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేసినప్పుడు నగరంలో ఎందరో హర్షించారు. ఆ ఉత్తర్వు ధైర్యంతో కూడిన మంచి నిర్ణయమని ఈ లేఖ కూడా భావిస్తున్నది. అది మీకు అధికారం ఉన్నదని, తలచుకుంటే దాన్ని వినియోగించగలరని చాటింది. అందుకే ఇప్పుడు అడగవలసి వస్తున్నది: పెళ్ళి బారాత్‌కు, రాజకీయ సభకు, పుట్టినరోజు ఊరేగింపుకు, విజయోత్సవ ర్యాలీకి వేరే చెవులు ఉన్నాయా? దేవుడి పేరిట వద్దన్న మోత నాయకుడి పేరిట ఎలా సమ్మతమవుతుంది?

పండుగలు, ఊరేగింపులు ఈ నేల సంస్కృతి అనీ, వాటిని అదుపు చేస్తే సంప్రదాయం దెబ్బతింటుందనీ వినిపించే వాదానికి చరిత్రే సమాధానం. బోనాల ముందు డప్పు, ఆలయంలో నాదస్వరం, భజన మందిరంలో చిడతలు, మసీదు మీనారు నుంచి మానవ కంఠంతో వినిపించే అజాన్, చర్చి గంట, ఇవన్నీ యాంప్లిఫయర్ పుట్టకముందే తరతరాలుగా వర్ధిల్లాయి. డప్పు కొట్టే చేయి అలసిపోతుంది, పాడే గొంతు విశ్రాంతి కోరుతుంది. అందుకే ఆ ధ్వనికి సహజమైన హద్దు ఉండేది. జనరేటరుకు అలుపు లేదు. డీజే బండి వచ్చి డప్పు కళాకారుల పొట్ట కొట్టిందే తప్ప సంప్రదాయానికి చేసిన మేలు లేదు. సంస్కృతిని రక్షిస్తున్నామన్న పేరుతో అధికారులు కాపాడుతున్నది అద్దె పరికరాల వ్యాపారాన్ని అని గుర్తిస్తే మంచిది.

అయితే చట్టం అమలును ఎక్కడ మొదలుపెట్టాలన్న విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఉల్లిపాయలు, కూరగాయలు, పాత ఇనుప సామాను అంటూ రికార్డు చేసిన కేకను చిన్న స్పీకరులో పదేపదే వినిపిస్తూ తిరిగే తోపుడు బండ్లవారు, ఆటోల వారు కూడా వీధులకు చికాకు కలిగిస్తున్న మాట నిజమే. కానీ వారు అందరికంటే బలహీనులు, అందరికంటే సులువుగా దొరికేవారు. అమలు చేశామని చూపించుకోవడానికి మొదటి వేటు వారి మీద పడితే అది న్యాయమనిపించుకోదు. స్పీకరు మోత తగ్గించమని చెబితే వారు తగ్గిస్తారు. వేల వాట్ల పరికరాలను అద్దెకిచ్చేవారిని, నెలల తరబడి బండ పగలగొట్టేవారిని దాటి వచ్చి తోపుడు బండి దగ్గర ఆగే చట్టం ఎవరికీ గౌరవం కలిగించదు.

ఈ మోత వల్ల నష్టపోతున్నది ఎవరో ఒకసారి నగర పటం మీద చూడండి. నిమ్స్ ఆసుపత్రి పంజాగుట్ట కూడలికి ఆనుకుని ఉన్నది. నీలోఫర్ ఆసుపత్రిలో పుట్టి కొద్ది గంటలైనా కాని పసికందులు ఉంటారు. దానికి దగ్గరలోనే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పితో నిద్రకు నోచని రోగులు ఉంటారు. అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాల ఇరుకు గదుల్లో పోటీ పరీక్షలకు చదివే యువత ఊళ్ళలోని తల్లిదండ్రులు పంపిన డబ్బుతో ఒక్కో రోజును లెక్కపెట్టుకుంటూ గడుపుతున్నది. గచ్చిబౌలి, మాదాపూర్ కార్యాలయాల్లో రాత్రి పని చేసి తెల్లవారాక ఇల్లు చేరేవారికి పగలే రాత్రి. ఆసుపత్రి నర్సులకు, పారిశుధ్య కార్మికులకు, వాచ్‌మెన్‌లకు కూడా అంతే. నిద్రపోయినా చెవి మూసుకోదు. నిద్రలో విన్న మోతకు కూడా శరీరం ఒత్తిడి హార్మోన్లను విడుదల చేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, ఏళ్ళ తరబడి ఇలా సాగితే రక్తపోటు, హృద్రోగాల ముప్పు హెచ్చుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా ప్రాంతానికి ఇచ్చిన మార్గదర్శకాల్లో రహదారి శబ్దం రాత్రివేళ 45 డెసిబెళ్ళ లోపు ఉండాలని సూచించింది. భారతదేశపు నివాస ప్రాంతాలకు రాత్రి పరిమితిగా 2000లోనే నిర్దేశించిన అంకె కూడా 45. ప్రమాణంలో లోపం లేదు, పాటించడంలో ఉన్నది.

ఈ బాధితుల్లో మీ సొంత సిబ్బంది కూడా ఉన్నారు. పనిచోట్ల ఎనిమిది గంటలపాటు 85 డెసిబెళ్ళను మించిన శబ్దానికి గురైతే వినికిడి దెబ్బతింటుందన్నది వృత్తి ఆరోగ్య నిపుణులు సాధారణంగా అంగీకరించే హద్దు. కూడలి మధ్యలో గంటల తరబడి నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు, హోంగార్డుకు అంతకు తక్కువ మోత దొరికే అవకాశం ఎంత? వారికి క్రమం తప్పకుండా వినికిడి పరీక్షలు చేయించి ఫలితాలను అధ్యయనం చేస్తే, ఈ నగరపు శబ్దం గురించి అంతకంటే నమ్మదగిన సాక్ష్యం మరొకటి అక్కరలేదు. తన చెవిని పోగొట్టుకుంటున్న కానిస్టేబుల్ చేతికి శబ్దమాపకం ఇవ్వకపోవడం ఎంత విచారకరం!

కొలత విషయానికి వస్తే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో జాతీయ పరిసర శబ్ద పర్యవేక్షణ వ్యవస్థను ప్రారంభించినప్పుడు ఎంచుకున్న ఏడు మహానగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఆ ఏడు నగరాల్లో మొత్తం 70 కేంద్రాలు, అంటే నగరానికి పది చొప్పున, ఏర్పాటయ్యాయి. ఇక్కడ ఆబిడ్స్, పంజాగుట్ట, ప్యారడైజ్, తార్నాక, జీడిమెట్ల, జూపార్కు వంటి చోట్ల అవి ఉన్నాయి. ఇంత విస్తరించిన నగరానికి పది చెవులు చాలవు. పైగా అవి ఇచ్చే అంకె గంటల తరబడి వచ్చిన ధ్వని శక్తికి తీసిన సగటు. రాత్రంతటికీ తీసిన సగటులో, నిద్ర నుంచి ఉలిక్కిపడేలా లేపిన ఒక్కొక్క హారన్ విడిగా కనిపించకుండా కరిగిపోతుంది. శబ్ద కాలుష్యానికి సంబంధించిన సాంకేతిక వివరాలను, గణాంకాలను సేకరించి, క్రోడీకరించి, ప్రచురించవలసిన బాధ్యత రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిదని నిబంధనలు చెబుతున్నాయి. ప్రచురణ అంటే కార్యాలయపు పట్టికలో నమోదు కావడమా, లేక తార్నాకలో నివసించే గృహిణికి నిన్న రాత్రి తన వీధిలో మోత పరిమితిని ఎన్ని గంటలపాటు దాటిందో తెలుగులో, ఉర్దూలో తెలియడమా?

నిశ్శబ్ద మండలాల సంగతి మరింత తీవ్రమైనది. ఆసుపత్రికి, పాఠశాలకు, న్యాయస్థానానికి చుట్టూ నూరు మీటర్ల పరిధిలో నిశ్శబ్దం దానంతట అదే వర్తిస్తుందని చాలామంది నమ్మకం. కానీ 2017 ఆగస్టులో కేంద్రం చేసిన సవరణ తరువాత రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించనిదే ఏ ప్రాంతమూ నిశ్శబ్ద మండలం కాదు. అంటే ప్రకటన లేని ఆసుపత్రి గోడ పక్కన మోగే మైకుకు నిశ్శబ్ద మండలపు పరిమితి అడ్డు రాదు. ఆ సవరణ సరైనదా కాదా అన్న చర్చ వేరు. దాని ఫలితంగా ప్రకటన చేయవలసిన భారం రాష్ట్రం మీద పడింది. నగరంలో ఏయే ఆసుపత్రులను, ఏయే కళాశాలలను అలా ప్రకటించారో, వాటి హద్దులు ఎక్కడి నుంచి ఎక్కడి వరకో తెలిపే జాబితా ప్రతి పోలీసు స్టేషనులో, ప్రతి వార్డు కార్యాలయంలో గోడ మీద ఉండాలి. ‘హారన్ మోగించరాదు’ అన్న వెలిసిపోయిన బోర్డు ఒక్కటే ఐసీయూలోని రోగికి రక్షణ కాగలదా?

ఈ లేఖ కొత్త చట్టాన్ని కోరడం లేదు. రాత్రి పది నుంచి ఆరు వరకు తిరిగే ప్రతి గస్తీ బండిలో ఒక శబ్దమాపకం ఉండాలనీ, మోత విన్న గస్తీ సిబ్బంది ఎవరి ఫోను కోసమూ ఎదురుచూడకుండా కొలిచి, నమోదు చేసి, ఆపించాలనీ కోరుతున్నది. ఫిర్యాదు చేసిన వారి పేరు నమోదు చేయకుండానే చర్య తీసుకునే ఏర్పాటు కావాలనీ, పరికరాలు అద్దెకిచ్చేవారికి లైసెన్సు విధించి ఉల్లంఘనకు వారిని కూడా బాధ్యులను చేయాలనీ, భవన అనుమతి పత్రంలోనే బండ పగలగొట్టే వేళలను, స్లాబు వేళలను షరతులుగా రాసి ఆ పత్రాన్ని స్థలం ముందు బోర్డు మీద అతికించాలనీ కోరుతున్నది. ఇంటర్మీడియెట్, పదో తరగతి పరీక్షలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొదలవుతాయి. పెళ్ళిళ్ళ ముహూర్తాలు కూడా ఆ కాలంలోనే ఉంటాయి. ఆ పరీక్షలు మొదలయ్యేలోగా నిశ్శబ్ద మండలాల జాబితాను, సడలింపు ఇచ్చే పదిహేను రోజులను, ఒక్కొక్క పోలీసు స్టేషను పరిధిలో రాత్రి శబ్దానికి బాధ్యుడైన అధికారి హోదాను, ఆయన ఫోను నంబరును మీ సంతకాలతో ప్రకటిస్తారా?

గౌరవాలతో,
హైదరాబాద్ నగరవాసి